స్కోర్‌బోర్డుకి డబ్బుంది, క్లాసులో మాత్రం 28 మంది పిల్లలా? మా ఐఎస్‌డీ (స్కూలు జిల్లా) లెక్క ఎవరైనా చెప్తారా

కందిపొడి_కబుర్లు · మంగళవారం, రాత్రి 9:40

నిన్న సాయంత్రం పాపని కూచిపూడి క్లాసు నుంచి తీసుకొస్తుంటే హైస్కూలు గ్రౌండు దగ్గర క్రేన్ కనపడింది. కొత్త స్కోర్‌బోర్డు ఎక్కిస్తున్నారు. మా గ్యారేజీ తలుపులు రెండూ కలిపితే ఎంతుంటుందో అంతుంది.

అదే రోజు పొద్దున పాప టీచరు నుంచి మెయిలు. టిష్యూలూ ప్రింటర్ కాగితమూ అయిపోయాయట, వీలైనవాళ్ళు పంపమని. ఆగస్టులో సప్లై లిస్టు మొత్తం కొనిచ్చాం, జనవరికే అయిపోయాయి. పాపది ఐదో తరగతి. క్లాసులో 28 మంది. మొన్న లోపలికెళ్ళి చూశాను, ఒక బల్లని సింకుకి ఆనించి వేశారు. ఆ బల్ల మీద కూర్చునే పిల్లాడు ఎవరు చేతులు కడుక్కోడానికి వచ్చినా లేచి పక్కకి జరగాలి.

టాక్స్ బిల్లులో సగానికి పైగా స్కూలుకే పోతోంది. ఆ డబ్బు క్లాసులోకి ఎందుకు రావట్లేదు? తెలిసినవాళ్ళు చెప్పండి. డాలస్ చుట్టుపక్కలే ఉంటాం, ఏ ఐఎస్‌డీనో మాత్రం చెప్పను.

దోసె_డాలర్ · 9:52

టెక్సస్‌లో బడి అంటే ఫుట్‌బాల్ టీము, దానికి అనుబంధంగా కొన్ని క్లాసులు. ఇల్లు కొనేటప్పుడు ఏజెంటు చెప్పలేదా?

వరంగల్_వాసు · 10:05

అక్కా, నాది గూడా గదే బాధ. నెట్‌ల జూసిన, పిల్లగానికి ఏడాదికి 6,215 డాలర్లంట. 28 మందికి లెక్కగడితే 1,74,020. టీచర్ జీతం సగటున 60 వేలు దాటుతదంటున్నరు. ఇన్సూరెన్సు, పెన్షన్ కలిపి 75 అనుకో. మిగతా లక్ష ఏడికి పోతున్నట్టు? ఎవడో తింటున్నడు.

లెక్కల_లింగం · 10:48

వాసు గారూ, మీ గుణకారం సరిగ్గానే ఉంది. తినేవాడి కోసం వెతకడానికి ముందు ఒక్క విషయం.

స్కూలు జిల్లాకి రెండు జేబులున్నాయి. మీ బిల్లులో స్కూలు పేరు మీద ఒకే గీత కనిపించినా లోపల రెండు రేట్లుంటాయి. ఎం అండ్ ఓ అనేది నడిపే ఖర్చు: జీతాలు, కరెంటు, డీజిలు, కాగితం. ఐ అండ్ ఎస్ అనేది బాండ్ల అప్పు తీర్చే డబ్బు. ఓటర్లు బాండు పాస్ చేస్తే ఆ సొమ్ముతో భవనాలు, బస్సులు, ఏసీలు, కంప్యూటర్లు, స్టేడియాలు వస్తాయి. అందులోంచి ఒక్క డాలరు కూడా జీతానికి ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు. ఇల్లు కట్టుకోమని బ్యాంకు ఇచ్చిన లోనుతో బియ్యం కొనుక్కోలేం కదా.

కాబట్టి ఆ స్కోర్‌బోర్డు దాదాపు ఖచ్చితంగా బాండు డబ్బే. దాన్ని ఆపినా మీ పాప క్లాసులోకి ఇంకో టీచరు రాదు. స్కోర్‌బోర్డు అవసరమా కాదా అనేది వేరే వాదన. చేయండి, నేనూ మీ వైపే.

ఇక ఆ 6,215. దాన్ని బేసిక్ అలాట్‌మెంట్ అంటారు, రాష్ట్రం ఫార్ములాలో ఒక్కో పిల్లాడికి కట్టే మూల మొత్తం. 2019లో 6,160 చేశారు. తర్వాత ఆరేళ్ళు కదల్లేదు. ఆ ఆరేళ్ళలో ధరలు పాతిక శాతం పెరిగాయి. 2025లో టెక్సస్ శాసనసభ హెచ్‌బీ 2 అనే బిల్లుతో 55 డాలర్లు కలిపింది, అంటే ఒక్క శాతం కూడా కాదు. ఆ బిల్లులో పెద్ద వాటా నేరుగా టీచర్ల జీతాల పెంపుకే వెళ్ళింది (పెద్ద జిల్లాల్లో 3, 4 ఏళ్ళ అనుభవం ఉంటే 2,500, ఐదేళ్ళు దాటితే 5,000). మంచిదే. అయితే ఉన్న టీచరు జీతం పెరిగింది గానీ కొత్త టీచరు రాలేదు.

మిగిలిన లక్షకీ లెక్క ఉంది. మీ పాప రోజంతా ఒక్క టీచరు దగ్గరే ఉండదుగా. సంగీతం, పీఈ, ఆర్ట్, లైబ్రరీ, నర్సు, కౌన్సెలర్, స్పెషల్ ఎడ్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లల) టీచర్లు, ఆఫీసులో ఇద్దరు, రాత్రి తుడిచేవాళ్ళు, ఆగస్టులో 105 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండకి ఏసీ. అన్నీ అందులోంచే. బడ్జెట్ పుస్తకం తెరిస్తే ఫంక్షన్ 11 అని ఉంటుంది, అదే బోధన. 23 ప్రిన్సిపల్ ఆఫీసు, 33 నర్సు, 34 బస్సులు, 41 జిల్లా కార్యాలయం, 51 కరెంటు, మరమ్మతులు. అందరూ 41 మీద పడతారు, సూపరింటెండెంటు జీతం చూసి కడుపు మండుతుంది కాబట్టి. పెద్ద జిల్లాల్లో ఆ గీత మొత్తం తీసేసినా 11 దగ్గర పెద్ద తేడా రాదు. నడిపే ఖర్చులో నూటికి 80 పైన మనుషుల జీతాలే. అందుకే కోత పడిందంటే మనుషుల మీదే పడుతుంది.

రెండో_బెల్లు · 11:20

నేను ఒక ఎలిమెంటరీలో ఎయిడ్‌గా, అంటే టీచరుకి సహాయకురాలిగా చేస్తున్నాను, నాలుగో ఏడు. లింగం గారు పుస్తకంలో ఉన్నది చెప్పారు, నేను కాపీ రూములో ఉన్నది చెప్తాను.

మా దగ్గర ప్రతి టీచరుకీ ఒక పిన్ నంబరు ఉంటుంది. కాపీ మెషీన్‌లో అది కొడితేనే కాగితం బయటికొస్తుంది. కోటా అయిపోతే ఎర్ర గీత వస్తుంది. స్టార్ అనే రాష్ట్ర పరీక్షల ముందు మార్చిలో వర్క్‌షీట్లు ఎక్కువ కావాలి కాబట్టి టీచర్లు జనవరి నుంచే పొదుపు మొదలుపెడతారు. ఒకవైపు ప్రింటయిన కాగితాలన్నీ ఒక ట్రేలో దాస్తారు, రెండోవైపు రఫ్ పనికి. సంక్రాంతికి ముగ్గు పిండి దాచుకున్నట్టు లామినేషన్ రోలు దాచుకునే టీచరు ఒకావిడ ఉంది, తాళం వేసిన బీరువాలో. అరిగిన క్రేయాన్లు వంటగదిలో కరిగించి, కప్‌కేక్ అచ్చుల్లో పోసి మళ్ళీ తెస్తుంది. టీచర్లు సొంత డబ్బుతో కొన్నదాంట్లో కొంత టాక్స్‌లో మినహాయించుకోవచ్చు, 2025లో అది 300 డాలర్ల వరకూ. అంత ఖర్చు సెప్టెంబరుకే అయిపోతుంది.

అసలు కోత కనిపించదండీ. లేఆఫ్ అనరు. ఎవరో మానేస్తారు, ఆ పోస్టు నింపరు. మా గ్రేడ్‌లో నాతోపాటు ఇంకో ఎయిడ్ ఉండేది, భర్తకి సియాటిల్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఆవిడ పిల్లలు కూడా నావే. చదవడం వెనకబడ్డ నలుగురిని పక్కన కూర్చోబెట్టుకుని రోజూ అరగంట చదివించేదాన్ని. ఇప్పుడు ఆ అరగంట భోజనాల డ్యూటీ. బడ్జెట్‌లో ఇది ఎక్కడా కోత అని రాసి ఉండదు.

వరంగల్_వాసు · 11:31

సరే, మరి నాకు గిది జెప్పుండ్రి. నా ఇంటి విలువ ఐదేండ్లల్ల రెండు లక్షలు పెరిగింది. టాక్స్ గూడా పెరిగింది. బడికి పైసలు పెరగలేదంటే ఎట్ల నమ్మాలె?

లెక్కల_లింగం · 11:58

ఇక్కడే అందరూ బోల్తా పడతారు. మన ఇంటి విలువ పెరిగితే బడికి డబ్బు పెరగదు.

జిల్లాకి ఎంత రావాలో ముందు ఫార్ములా తేలుస్తుంది: హాజరు, దాని మీద అలాట్‌మెంటు, ఇంగ్లిషు రాని పిల్లలకి, స్పెషల్ ఎడ్‌కి అదనపు తూకాలు. ఆ మొత్తంలో మన టాక్స్ నుంచి వచ్చింది ముందు తీసుకుని తక్కువపడింది రాష్ట్రం ఇస్తుంది. మన టాక్స్ పెరిగితే రాష్ట్రం ఇచ్చేది తగ్గుతుంది. లాభం ఆస్టిన్‌లోని రాష్ట్ర ప్రభుత్వానికి, బడికి కాదు. ఫార్ములా కన్నా మన టాక్సే ఎక్కువైతే మిగులు రాష్ట్రం తీసేసుకుంటుంది. దాన్ని రికాప్చర్ అంటారు, వాడుకలో రాబిన్ హుడ్. ఎడ్జ్‌వుడ్ అనే పేద జిల్లా కోర్టుకెళితే 1989లో టెక్సస్ సుప్రీంకోర్టు పాత పద్ధతి రాజ్యాంగవిరుద్ధం అంది. ఆ గొడవలోంచే 1993లో ఈ పద్ధతి వచ్చింది. మూలంలో న్యాయం ఉంది. ఎడ్జ్‌వుడ్‌లో పిల్లలూ పిల్లలే.

హోమ్‌స్టెడ్ మినహాయింపు (మనం ఉంటున్న సొంత ఇంటి విలువలో టాక్స్ పడని భాగం) 2023లో లక్షకి, 2025 నవంబరులో లక్షా 40 వేలకి పెంచారుగా. దానివల్ల జిల్లాకి తగ్గేది రాష్ట్రం భర్తీ చేస్తుంది. అందుకని మీ బిల్లు పెరిగినా తగ్గినా కాపీ రూములో ఎర్ర గీత మారదు.

దోసె_డాలర్ · బుధవారం, ఉదయం 7:15

ఇవన్నీ ఎందుకు, నూటికి 65 క్లాసురూముకే ఖర్చుపెట్టాలని ఒక రూలు పెడితే పోలా?

పాత_ప్లానో · 7:50

పెట్టారు నాయనా. 2005లో గవర్నరు రిక్ పెర్రీ అచ్చంగా అదే ఉత్తర్వు ఇచ్చారు. దేశమంతా "65 శాతం" అని ప్రచారం నడిచిన రోజులవి. తమాషా ఏంటంటే, ఆ ప్రచారం వాళ్ళ నిర్వచనంలో ఆటలు క్లాసురూము కిందకి వచ్చాయి. లైబ్రరీ, నర్సు, కౌన్సెలర్, బస్సు బయటికి పోయాయి. కోచ్ బోధన, లైబ్రేరియన్ వృథా! కొన్నేళ్ళకి దాన్ని ఎత్తేశారు. ఊరికే శాతం పెడితే అకౌంటెంట్లు గీతలు అటుదిటు మారుస్తారు, పిల్లాడి బల్ల సింకు దగ్గరే ఉంటుంది.

నేను ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఆలెన్ హైస్కూలు స్టేడియం కథ కొత్తవాళ్ళకి తెలీదేమో. 2009లో బాండు, 2012లో 18,000 సీట్లతో, 6 కోట్ల డాలర్లతో తెరిచారు. 2014లో కాంక్రీటు పగుళ్ళని మూసేశారు, మరమ్మతు చేసి మరుసటేడు మళ్ళీ తెరిచారు. ఆ తర్వాత కూడా పక్క ఊళ్ళు అంతకన్నా ఖరీదైనవి కట్టాయి. 2019 నుంచి పెద్ద స్టేడియంకి విడిగా ఓటు అడగాలని చట్టం తెచ్చారు, భవనాలతో కలిపి మూటగట్టి పాస్ చేయించడం కుదరదు. ఇంకో చట్టం, బాండు బ్యాలెట్ మీద "ఇది ప్రాపర్టీ ట్యాక్స్ పెంపు" అని పెద్దక్షరాలతో రాయాలి, రేటు పెరగకపోయినా సరే. అది చదివి సగం మంది అక్కడికక్కడే కాదని గుద్దేస్తారు.

2024 నవంబరులో ఫ్రిస్కోలో నాలుగు ప్రతిపాదనలు పెట్టారు. ఒకటి నడిపే ఖర్చుకి రేటు పెంచుకోడానికి, మిగతా మూడూ కలిపి వందకోట్ల డాలర్లు దాటిన బాండ్లు. నాలుగూ ఓడాయి. అదే ఏడు ప్లానోలో నాలుగు బడులు మూసేయడానికి బోర్డు ఓటేసింది, రెండు ఎలిమెంటరీలు, రెండు మిడిల్ స్కూళ్ళు. మన ఇళ్ళ ధరలు చూసి చిన్నపిల్లలున్న జంటలు సెలైనా, ప్రాస్పర్ దాటి అటు పోతున్నారు. పాత వీధుల్లో మాలాంటివాళ్ళు మిగిలాం, మా పిల్లలు కాలేజీకి వెళ్ళిపోయారు. పిల్లలు తగ్గితే డబ్బు తగ్గుతుంది. ఏసీ బిల్లు మాత్రం 300 మందికైనా 600 మందికైనా ఒకటే.

నిర్వాహకులు · 8:10

వోచర్ల (ప్రైవేటు బడి ఫీజుకి ప్రభుత్వమిచ్చే డబ్బు) గురించి, పార్టీల గురించి రాసిన మూడు పోస్టులు తీసేశాం. దానికి వేరే థ్రెడ్ ఉంది. ఇక్కడ బడ్జెట్ మాట్లాడుకుందాం.

రెండో_బెల్లు · 12:25, లంచ్ టైములో

ఒక మాట అంటాను, ఎవరూ నొచ్చుకోవద్దు. లింగం గారు "హాజరు" అన్నారు చూడండి, పేరు రాయించుకున్న పిల్లలు కాదు, ఆ రోజు వచ్చిన పిల్లలు. మా బడిలో పొద్దున ఒక నిర్ణీత సమయానికి తల లెక్కేసి పంపుతారు. డిసెంబరు మొదటి వారం నుంచి మన పిల్లల కుర్చీలు ఖాళీ. టికెట్లు చవగ్గా ఉన్నప్పుడు బయల్దేరి, ముక్కోటి ఏకాదశీ, సంక్రాంతీ, ఎవరిదో గృహప్రవేశమూ చూసుకుని వస్తారు. తప్పనను. మేమూ వెళ్ళాం, మా అత్తగారికి బాలేనప్పుడు. కానీ ఆఫీసులో అటెండెన్స్ చూసే ఆవిడ ఆ నెలంతా ముఖం మాడ్చుకుని ఉంటుంది.

లెక్కల_లింగం · 1:02

ఇది నేను రాయాలా వద్దా అని నిన్న రాత్రంతా ఆలోచించాను, మేడం రాసేశారు.

6,215ని సుమారు 175 రోజులతో భాగిస్తే రోజుకి 35 డాలర్ల పైచిలుకు. తూకాలు కలిపితే ఇంకాస్త ఎక్కువ. 15 రోజులు రాకపోతే ఒక పిల్లాడి మీద 530. ఒక బడిలో మన కుటుంబాలు 30, ఇంటికి ఇద్దరు పిల్లలు అనుకోండి: 60 మంది, దగ్గర దగ్గర 32 వేలు. సగం టీచరు. "ముందే చెప్పాం, ఎక్స్‌క్యూజ్డ్ అన్నారు" అంటే అది మీ పాప రికార్డుకే పనికొస్తుంది, డబ్బుకి కాదు.

రెండు మినహాయింపులున్నాయి, చాలామందికి తెలీదు. పండగని మతపరమైన సెలవుగా ముందే రాసిస్తే ఆ రోజు హాజరు కిందే లెక్క. దీపావళికి "ఒంట్లో బాలేదు" అని రాయకండి, దీపావళి అనే రాయండి. రెండోది, డాక్టరు అపాయింట్‌మెంటుకి వెళ్ళి అదే రోజు బడికొచ్చి చీటీ ఇస్తే అదీ హాజరే.

వరంగల్_వాసు · 1:10

ఓరి దేవుడా. పోయినేడు మేము ఇరవై రెండు దినాలు పోయినం. ఇద్దరు పిలగాండ్లు. 1,500 దాటిందన్నట్టు. ఎవడో తింటున్నడంటి కదా, నేనే తిన్న.

మాస్టారు_విజయనగరం · సాయంత్రం 6:30

అందరికీ నమస్కారం. నేను మా విజయనగరం జిల్లాలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుడిగా రిటైరయ్యాను. అమ్మాయి దగ్గరికి ఆరు నెలలకి వచ్చాను. అల్లుడు ఈ చర్చ చూపించాడు.

మనవడి బడికి వెళ్ళాను. గోడ మీద కాగితపు ఆపిల్ పళ్ళు అంటించి ఉన్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో వస్తువు పేరు: గ్లూ స్టిక్కులు, జిప్‌లాక్ సంచులు, పెన్సిళ్ళు. తల్లిదండ్రులు తమకు తోచిన పండు కోసుకెళ్ళి అది కొనిస్తారట. ఇంత పెద్ద దేశంలో కూడా టీచరు ఇలా అడగాలా అని కాస్త ఆశ్చర్యపోయాను. మరుక్షణం నవ్వొచ్చింది, నేను చేసిందీ అదేగా.

మాకు సమగ్ర శిక్ష నుంచి స్కూల్ గ్రాంటు వచ్చేది. 30 మంది లోపు ఉంటే ఏడాదికి 10,000 రూపాయలు, 100 లోపు 25,000, 250 లోపు 50,000. మాది 25 వేల బడి. సుద్దముక్కలు, రిజిస్టర్లు, చీపుర్లు, ఫినాయిలు, బల్బులు, పంపు మరమ్మతు, జెండా పండగకి బిళ్ళలు, అన్నీ అందులోనే. పదో వంతు శుభ్రతకి పెట్టాలని నియమం. డబ్బు ఏ నెలలో పడుతుందో తెలీదు గనక జూన్‌లో నా జేబులోంచి కొని, బిల్లులు ఒక పాత బిస్కట్ డబ్బాలో దాచేవాణ్ణి. ఒక్కోసారి ఆ డబ్బా మరుసటి జూన్ దాకా తెరవలేదు.

తర్వాత బడులు బాగుచేసే నాడు-నేడు పథకం వచ్చింది. మొదటి విడతలో 15,715 బడులు. డబ్బు తల్లిదండ్రుల కమిటీ ఖాతాకే వచ్చింది, సిమెంటు మేమే కొన్నాం, ఇసుక మేమే తోలించాం. మరుగుదొడ్లు, ఫ్యాన్లు, పచ్చ బోర్డులు, బల్లలు వచ్చాయి. నిజంగా మారింది, కాదనను. కానీ ఐదు తరగతులకి మేమిద్దరమే టీచర్లం. కొత్త ఫ్యాన్ల కింద ఒక గదిలో మూడు తరగతులు, ఇంకో గదిలో రెండు. లింగం గారు చెప్పిన రెండు జేబులు మాకూ ఉన్నాయన్నమాట. కట్టే జేబు నిండుతుంది, నడిపే జేబుకి చిల్లు.

ఒక్క తేడా మాత్రం నాకు పెద్దదిగా కనిపించింది. మీకు ఊరివాళ్ళే ఎన్నుకున్న బోర్డు ఉంది, ఆ బోర్డే పన్ను వేస్తుంది, అందరి ముందూ లెక్క చెప్పాలి. నాకు 34 ఏళ్ళ సర్వీసులో మా బడికి ఇంత కావాలని అడగడానికి ఒక కుర్చీ ఎదురుగా కనిపించలేదు. మీరెవరైనా ఆ మీటింగుకి వెళ్ళారా?

కందిపొడి_కబుర్లు · 7:05

మాస్టారూ, నిజం చెప్పాలంటే లేదండీ. మాది హెచ్1బీ, పదకొండేళ్ళయింది, ఓటు లేదు. బోర్డు మెంబరు ఇంటికొచ్చి కరపత్రం ఇచ్చినా "మాకు ఓటు లేదు" అని తలుపేశాను.

పాత_ప్లానో · 7:20

అమ్మా, ఓటు లేకపోతే ఓటెయ్యలేరు అంతే. మాట్లాడ్డానికి పౌరసత్వం అడగరు. పేరు రాసిస్తే రెండు మూడు నిమిషాలిస్తారు. చాలా జిల్లాల్లో ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది, కాబట్టి వసంతంలోనే వర్క్‌షాపులు. జూన్‌లో జరిగే బహిరంగ విచారణకి పదిరోజుల ముందు నోటీసు వేస్తారు, కానీ అప్పటికి అన్నీ అయిపోయి ఉంటాయి. ఇప్పుడే వెళ్ళండి. ట్రస్టీలకి, అంటే బోర్డు మెంబర్లకి జీతం ఉండదు, మనలాగే ఆఫీసు నుంచి ఆకలితో వచ్చి కూర్చుంటారు.

కందిపొడి_కబుర్లు · మూడు వారాల తర్వాత, సోమవారం, రాత్రి 11:15

వెళ్ళొచ్చాను. హాల్లో జనం తొమ్మిదిమంది, అందులో ఇద్దరు జిల్లా ఉద్యోగులే. నాకు ముందు మాట్లాడినాయన మార్చింగ్ బ్యాండు ట్రైలరు గురించి. నేను కాగితం చూసి చదివాను, గొంతు వణికింది. సింకు పక్కన బల్ల ఫొటో చూపించాను.

మీటింగు అయ్యాక ఫైనాన్సు ఆయన బయటికొచ్చి ఓపిగ్గా చెప్పాడు. 22 మంది పరిమితి నాలుగో తరగతి వరకే ఉందట, ఐదుకి లేదు. అందుకే ఎక్కడ సర్దాలన్నా ఐదు మీదే పడుతుంది. అక్టోబరులో ఒక టీచరు మానేస్తే నాలుగు సెక్షన్లని మూడు చేశారు. బెల్లు గారు చెప్పినట్టే, ఆ పోస్టు నింపలేదు. నేను వాసు గారి లెక్క చెప్పాను, ఒక టీచరంటే పన్నెండుమంది పిల్లల అలాట్‌మెంటు కదా అని. ఆయన కళ్ళజోడు తీసి నావైపు చూసి, "మీరు ఏ డిపార్ట్‌మెంటులో పనిచేస్తారు" అన్నాడు.

స్కోర్‌బోర్డు బాండు డబ్బే. నాలుగేళ్ళ క్రితం 60 శాతం ఓట్లతో పాసయిందట.

వచ్చే ఏడాది ఐదో తరగతికి ఇంకో టీచరు ఇస్తారా అంటే చూస్తాం అన్నారు. బల్ల మాత్రం కిటికీ దగ్గరికి జరిపారు. ఫొటో చూశాక ప్రిన్సిపల్‌కి సిగ్గేసిందనుకుంటా.

రెండో_బెల్లు · 11:30

బల్ల జరిగిందా! చాలా సంతోషం అక్కా.

కందిపొడి_కబుర్లు · 11:34

ఆ, మర్చిపోయాను. కాగితం ఒక పెట్టె పంపాం. టీచరు థాంక్యూ కార్డు పంపింది. పాత వర్క్‌షీటు వెనకవైపు పిల్లలందరితో సంతకాలు పెట్టించింది. లెక్కపెట్టాను, 27 ఉన్నాయి. పాపని అడిగితే ఒకబ్బాయి గుంటూరు వెళ్ళాడట, బాబాయి పెళ్ళి.

లెక్కల_లింగం · 11:36

ఎన్ని రోజులు?

వరంగల్_వాసు · 11:37

అన్నా, ఆ పిలగాన్ని ఇడిచిపెట్టు.